కారులో ఫ్రిజ్, పక్కన ఏనుగు

కరోనా తగ్గాక వచ్చిన రెండో వేసవి. తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కన నాకు బండ్ల ఎలక్ట్రికల్ షాపు ఉంది. అంతకుముందు హారన్లు, లైట్లు, ఏసీ వైరింగులతోనే రోజు గడిచేది. ఆ ఏడాది కొత్తరకం గిరాకీ మొదలైంది. కారులో గుడారం, స్టవ్వు వేసుకుని కొండల దిక్కు పోయి ఒకటి రెండు రాత్రులు గడిపి వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లందరికీ బండిలో పెట్టుకునే ఫ్రిజ్ కావాలి.

చూడ్డానికి అది మూత పైకి తెరుచుకునే పెట్టె. ఇందులో రెండు రకాలున్నాయి. చవకది బయటి వేడి కంటే కొంచెం చల్లగా మాత్రమే ఉంచుతుంది. మన మే నెల ఎండకు అది చేతులెత్తేస్తుంది. రెండోది ఇంట్లో ఫ్రిజ్‌లాగే కంప్రెసర్‌తో నడుస్తుంది. ఎన్ని డిగ్రీలు పెడితే అక్కడే నిలుపుతుంది. ఇంజిన్ ఆపాక కూడా రాత్రంతా నడవాలి కాబట్టి దానికోసం వేరే బ్యాటరీ బిగిస్తాను. బండి బ్యాటరీకే తగిలిస్తే తెల్లారేసరికి బండి స్టార్టు కాదు. నా దగ్గర బిగించుకున్నవాళ్లలో చాలామంది అందులో పెట్టేది కూల్‌డ్రింకులు, పెరుగు, మసాలా పట్టించిన కోడి.

శైలజ చిత్తూరు నుంచి వచ్చింది. హైస్కూల్లో టీచరు. కారు దిగగానే అడిగింది.

"అన్నా, రెండు డిగ్రీలకు తగ్గకూడదు, ఎనిమిది దాటకూడదు. అట్ల ఉంచుతాదా ఇది?"

"ఉంచుతాది మ్మా. ఏం పెడతారు అందులో?"

జవాబు కారు వెనక సీట్లోంచి వచ్చింది. వాళ్లమ్మ వసంతమ్మ. "నా కొడుకు పానం పెడతాము నాయనా."

ఆ కొడుకు మురళి ఆమె పక్కనే కూర్చుని ఉన్నాడు. ముప్పై లోపు వయసు, సన్నటి మనిషి. తన జబ్బు సంగతి తనే చెప్పాడు. హీమోఫీలియా. పుట్టుకతో వచ్చేది. దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టదు. పైకి కారే రక్తం కంటే లోపల మోకాలిలోనో మోచేతిలోనో కారేదే ఎక్కువ హాని. వెంటనే ఫ్యాక్టర్ అనే మందు నరంలోకి ఎక్కించుకోవాలి. ఆలస్యమైతే కీలు పాడైపోతుంది. ఆ మందు చల్లగా ఉండాలి, అలాగని మంచులా గడ్డకట్టకూడదు. మందు ఇంట్లో ఫ్రిజ్‌లో ఉంటుంది కాబట్టి మురళి కూడా ఇంట్లోనే ఉండిపోయాడు. బడిలో ఉన్నప్పుడు ఒక్క విహారయాత్రకు పోలేదు. ఉద్యోగం కూడా ఇంట్లో కంప్యూటర్ ముందే. ఆసుపత్రిలో తప్ప బయట ఎక్కడా ఒక రాత్రి పడుకున్నది లేదు.

"ఇన్నేండ్లు కండ్లల్లో పెట్టుకుని సాకినాను. ఇప్పుడు అడివికి పోతాడంట" అంది వసంతమ్మ.

"అడివికి కాదు మా, మామిడితోపుకు" అన్నాడు మురళి.

ఫ్రిజ్ బిగించి, వాళ్ల కారును పగలంతా షాపు ముందు ఎండలోనే నిలబెట్టించాను. లోపల నీళ్ల సీసాలు, వాటి మధ్య థర్మామీటర్ పెట్టాను. ఫ్రిజ్‌లో ఎన్ని డిగ్రీలుందో ఫోన్‌లో కూడా కనిపించే రకం అది. దగ్గరలో ఉంటే చాలు. మురళి ఫోన్ చేతిలో పట్టుకుని సాయంత్రం దాకా ఆ అంకెనే చూస్తూ కూర్చున్నాడు. అంకె మారలేదు. పోయేముందు వసంతమ్మ నా దగ్గరకొచ్చి, "మొదటి రాత్రికి నువ్వు కూడా పో నాయనా" అంది. ఆ ముఖం చూసి కాదనలేకపోయాను.

పలమనేరు దాటాక కౌండిన్య అడవి అంచున మునస్వామి అనే రైతు తోపు ఉంది. గుడారాలు వేసుకునేవాళ్లకు చోటిస్తాడు. ఆ వైపు ఏనుగులు వస్తాయని అందరికీ తెలుసు. నేను ముందే ఫోన్ చేసి అడిగాను. "గుంపు తమిళనాడు దిక్కు పోయిందబ్బా, ఈ వారం భయం లేదు" అన్నాడు.

శైలజ, మురళి కారులో వచ్చారు. నేను బైకు మీద వెనకే వెళ్లాను. రెండు బండ్లూ తోపు మొదట్లో, బయటికి పోయే బాట పక్కన పెట్టాం. మునస్వామి మామిడిపండ్ల పెట్టెలు రెండు తెచ్చి కారు వెనక ఫ్రిజ్ పక్కన పెట్టి, మళ్లీ వస్తానని ఇంటికి వెళ్లాడు. శైలజ స్టవ్వు వెలిగించింది. మురళి చెప్పులు విడిచి మట్టిలో నడుస్తూ, చెట్ల కింద తలెత్తి చూస్తూ తిరిగాడు. ఆ సంబరం చూస్తుంటే రావడం మంచిదైంది అనుకున్నాను.

పొద్దు వాలుతుండగా కుక్కలు ఒక్కసారిగా మొరిగాయి. ఆ వెంటనే కొమ్మ విరిగిన చప్పుడు. తలతిప్పి చూస్తే చెట్ల నీడలో ఒక పెద్ద ఆకారం కదిలింది. ఒంటరి ఏనుగు. దంతాలున్న మగది.

"మిద్దె మీదికి!" అన్నాను. దగ్గరలో నీళ్ల మోటారు కొట్టం ఉంది, దాని మిద్దె మీదికి మెట్లున్నాయి. ముగ్గురం పరుగెత్తాం. నేను చివర ఉన్నాను. పైమెట్టు దగ్గర మురళి కాలు జారి, మోకాలు రాతి అంచుకు తగలడం చూశాను. లేచి పైకి ఎక్కాడు.

ఏనుగు తిన్నగా కారు దగ్గరికి వచ్చింది. వెనక తలుపు తెరిచే ఉంది. పండ్ల వాసన దాన్ని అక్కడికి లాగింది. తొండం లోపలికి పెట్టి ఒక పెట్టెను బయటికి లాగి నేలమీద పడేసి తినసాగింది. పిలిస్తే పలికేంత దూరంలో ఉన్నాం. అది పండ్లు నమిలే చప్పుడు కూడా వినిపిస్తోంది.

మురళి గోడకు ఆనుకుని కాలు చాపి కూర్చున్నాడు. చెయ్యి మోకాలి మీద ఉంది.

"మొదలైంది అక్కా" అన్నాడు మెల్లగా.

"ఏమి మొదలైంది?"

"లోపల వేడి పుడతా ఉండాది. చీమలు పాకినట్ల ఉండాది."

శైలజ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ మాటకు అర్థం ఆమెకు బాగా తెలుసు. మోకాలిలో రక్తం దిగుతోంది. మందు కారులో ఉంది. కారు పక్కన ఏనుగు ఉంది. చిత్తూరు ఆసుపత్రికి తీసుకుపోదామన్నా బండ్లు రెండూ అక్కడే, బయటికి పోయే బాట కూడా అటే.

మురళి ఫోన్ తీశాడు. తెర మీద అయిదు డిగ్రీలు చూపిస్తోంది. "మందు బాగానే ఉండాది" అన్నాడు. ఆ ధైర్యం చూసి నాకు ఇంకా భయమేసింది.

రెండో పెట్టె కోసం ఏనుగు మళ్లీ తొండం లోపలికి దూర్చింది. ఈసారి కారు మొత్తం ఊగింది. లోపల ఏదో ఫట్‌మని తెగింది. ఫోన్‌లో అంకె మాయమైంది. వైరు ఊడిందా, ఫ్రిజ్ నలిగిపోయిందా తెలుసుకునే దారి లేదు.

"తాళం చెవి నా దగ్గర ఉండాది. ఇది నొక్కితే హారన్ మోగుతాది. బెదిరి పోతాదేమో" అంది శైలజ. వేలు బటన్ మీదనే ఉంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని మునస్వామికి ఫోన్ చేశాను. అప్పటికే కుక్కల అరుపులు విని అతను పది మందితో తోపు వెనక వైపుకు వచ్చేశాడు. వాళ్ల దగ్గర టపాకాయలు, డబ్బాలు ఉన్నాయి.

"ఏమీ మోగించొద్దబ్బా. ఇది ఒంటేనుగ. పోయినేడు పక్కూర్లో చెరుకు తొక్కింది ఇదే. కారు మోగితే కారునే తొక్కేస్తాది. మేము దూరంనుంచి టపాకాయలు కాలుస్తాము, అడివి దిక్కు తిరుగుతాది."

"మునస్వామన్నా, కారు పక్కనే ఉండాది, టపాకాయలకు బెదిరినా కారునే తొక్కుతాది. కారులో ఈ అబ్బాయి మందు ఉండాది. మోకాల్లో రక్తం కారతా ఉండాది. దానిపాటికి అది పోయేదాకా ఆగగలరా?"

ఫోన్‌లో అతని వెనక ఎవరో గట్టిగా అరుస్తున్నారు. "కాపంతా పోతాదిరా మునస్వామీ, కాల్చు!" మే నెల. కాయలు కోతకొచ్చిన సమయం. ఏడాదంతా చేసిన కష్టం ఆ కొమ్మల మీదే ఉంది.

"ఎవురూ ఏమీ కాల్చొద్దండి" అన్నాడు మునస్వామి తన మనుషులతో. తర్వాత నాతో, "మీరు మాట్లాడొద్దు, కదలొద్దు. నేను చుట్టుకొని వస్తా ఉండా" అన్నాడు.

ఏనుగు పెట్టెలు ఖాళీ చేసి చెట్ల మీదికి మళ్లింది. ఒక కొమ్మ వంచింది, విరిచింది, తిన్నది. ఇంకో చెట్టు. కాయలు రాలి నేలమీద పడుతున్న చప్పుడు వింటూ కూర్చున్నాం. ఆ తోపు మనిషి ఎక్కడో చీకటి పడుతున్న గట్టు మీద నిలబడి అదే చప్పుడు వింటున్నాడు. మురళి మోకాలు కళ్లముందే గుండ్రంగా ఉబ్బింది. ప్యాంటు బిగుసుకుపోతే శైలజ పరుగులో చేతిలోనే తెచ్చిన కూరగాయల కత్తితో దాన్ని కోసింది. అతను పళ్లు బిగించి ఆకాశం వైపు చూస్తున్నాడు.

ఏనుగు తోపు అవతలి వరుసకు చేరాక మునస్వామి కొట్టం వెనకనుంచి వచ్చాడు. చేతిలోకి మట్టి తీసుకుని గాలిలో వదిలి చూశాడు.

"గాలి దాని దిక్కునుంచి మన దిక్కుకు వస్తా ఉండాది. మన వాసన దానికి తగలదు. పోదాం రా. ఆ ఫ్రిజ్ సంగతి నీకే కదా తెలుసు."

ఇద్దరం వంగి నడిచాం. కారు వెనక అద్దం పగిలింది. ఫ్రిజ్‌కు కట్టిన రెండు పట్టీల్లో ఒకటి తెగి, పెట్టె పక్కకు ఒరిగింది. వైరు ఊడింది. రెండో పట్టీ మాత్రం పట్టుకునే ఉంది. మూత గొళ్లెం నొక్కితే రాలేదు. పెట్టె అంచు వంగి మూత బిగుసుకుంది. మోకాలు ఆనించి బలంగా లాగాను. టక్కుమని పెద్ద శబ్దంతో ఊడింది.

అవతల ఏనుగు చెవులు ఆడించడం ఆపేసింది. మునస్వామి నా భుజం గట్టిగా నొక్కాడు. అది చెవులు ఆపితే వింటున్నట్టు లెక్క అని తర్వాత చెప్పాడు. ఇద్దరం కారు పక్కన రాళ్లలా నిలబడిపోయాం. నా చెయ్యి ఫ్రిజ్‌లోనే ఉంది. లోపలి చల్లదనం వేళ్లకు తగులుతోంది. కంప్రెసర్ ఆగిపోయినా పెట్టె తన చలువను వదల్లేదు. ఎంతసేపు అలా ఉన్నామో చెప్పలేను. ఏనుగు మళ్లీ చెవులు ఊపింది. కొమ్మ విరిచింది. మందు పెట్టె చొక్కాలో పెట్టుకుని వెనక్కి నడిచాను.

మురళి మొదట సీసాలు వెలుతురుకు ఎత్తి చూశాడు. పగుళ్లు లేవు. మందు పెట్టె పక్కన అంటించిన థర్మామీటర్ చూశాడు. ఎనిమిది దాటలేదు. సీసాలను కాసేపు అరచేతుల మధ్య పెట్టుకున్నాడు. సీసాలో పొడిగా ఉన్న మందులోకి దానితో వచ్చిన నీళ్లు ఎక్కించాక నేను సాయం చెయ్యబోయి సీసా ఊపబోతే, "ఊపకూడదన్నా, నిదానంగా తిప్పాల" అన్నాడు. నేను ఫోన్ లైటు పట్టుకున్నాను. శైలజ తమ్ముడి చేతికి పట్టీ బిగించింది. మొదటిసారి సూది నరానికి తగల్లేదు. అతను కళ్లు మూసుకుని ఊపిరి పీల్చుకుని, ఇంకోచోట గుచ్చుకున్నాడు. సన్నటి గొట్టంలో రక్తం కనిపించింది. మందు మెల్లమెల్లగా లోపలికి పోయింది. శైలజ అప్పుడు ఏడ్చింది.

ఆ తర్వాతే మునస్వామి టపాకాయలు కాల్పించాడు. ఏనుగు ఘీంకరించి అడవిలోకి వెళ్లిపోయింది. మురళిని మంచం మీద మోసుకుని మునస్వామి ఇంటికి చేర్చాం. దారిలో విరిగిన కొమ్మలు కాళ్లకు అడ్డం పడ్డాయి. శైలజ మునస్వామికి చేతులెత్తి దణ్ణం పెడుతూ, "మీ కాపంతా పోయింది కదన్నా" అంది.

"కాయలు మళ్లా కాస్తాయి మ్మా. మోకాలు కాస్తాదా?" అన్నాడు.

వాళ్లమ్మకు ఎవరు చెప్పాలి అని శైలజ సందేహిస్తుంటే మురళే ఫోన్ తీసుకుని ఏదీ దాచకుండా చెప్పాడు. ఇక ఈ జన్మలో కొడుకును గడప దాటనివ్వదు అనుకున్నాను. స్పీకర్‌లో ఆమె మొదట అడిగింది ఒక్కటే.

"మందు ఎక్కించుకుంటివా?"

"ఎక్కించుకున్నా మా."

"వాపు?"

"పెరగడం లేదు."

ఆ తర్వాత ఆమె గొంతు మారింది. "ఏనుగ ఎట్లుండింది రా? దంతాలు పెద్దవా?"

మురళి నవ్వుతూ ఏడుస్తూ దంతాల పొడవు చెప్పసాగాడు.

మర్నాడు చిత్తూరులో డాక్టరు చూసి, మందు తొందరగా పడింది కాబట్టి కీలు దక్కిందన్నాడు. ఇంకో రెండు మోతాదులు, కొన్నాళ్ల విశ్రాంతి సరిపోయాయి.

ఇప్పుడు మందుల కోసం ఫ్రిజ్ బిగించుకునేవాళ్లకు నేను ఒక మాట తప్పకుండా చెబుతాను. మందంతా బండిలో పెట్టకండి, ఒక మోతాదు చలువసంచిలో మీ వెంట ఉంచుకోండి, ఫ్రిజ్ పక్కన పండ్లు పెట్టకండి. పని పరంగా నేర్చుకున్నది ఇది. కానీ ఆ రోజు నేర్చుకున్నది ఇంతే కాదు. పట్టీలు, బ్యాటరీ, వైరింగు సరిగ్గా ఉంటే మనిషి క్షేమం అనుకునేవాణ్ణి. వస్తువును చల్లగా ఉంచడం వరకే నా పనితనం. అది మురళి చేతికి అందడానికి మాత్రం, ముందురోజు వరకు అతని పేరు కూడా తెలియని ఒక రైతు తన చెట్లు విరుగుతుంటే వింటూ మౌనంగా నిలబడ్డాడు.