బొంతలో ఉండిపోయిన ఎనిమిది కాగితాలు

స్కెల్‌బెక్‌లో పాత ఉత్తరం ఏదీ ఎక్కువకాలం బతికేది కాదు. థర్జా ఆల్డర్సన్ కంటపడిందంటే దాని పని అయిపోయినట్టే. ఆవిడ ఆప్రాన్ జేబులో ఎప్పుడూ ఒక కత్తెర, ఒక ఆరు పలకల రేకు ముక్క ఉండేవి. పెళ్లయిన కొత్తలో మొగుడు కిట్ పొగాకు డబ్బా మూతను కత్తిరించి చేసిచ్చిన రేకు అది. దాన్ని కాగితం మీద పెట్టి చుట్టూ కత్తిరించాలి. ఆ కాగితం మీదికి గుడ్డముక్క మడిచి టాకాలు వెయ్యాలి. అలాంటి ముక్క ఒకటి మధ్యలో, ఆరు చుట్టూ పెట్టి అంచులు కలిపి కుడితే ఒక పువ్వు. రెండువందల పైచిలుకు పువ్వులు కలిస్తే బొంత. నాలుగు వైపులా కుట్టడం పూర్తయ్యేదాకా కాగితాలు లోపలే ఉంటాయి. ఆ తర్వాత టాకాలు విప్పి, ఒక్కొక్కటీ లాగేసి, వెనక లైనింగు వేస్తారు.

"కాగితం ఉన్నంతసేపే గుడ్డ చెప్పినమాట వింటుంది. తీశాక ఇక దాని ఇష్టం," అనేది థర్జా. మొగుళ్ల గురించి కూడా ఇదే మాట అంటుందని ఊళ్లో చెప్పుకునేవారు కానీ ఆవిడ అనలేదు.

ఊరంతా ఆవిడకి కాగితాలు దాచేవాళ్లు. పశువుల డాక్టరు చీటీలు, విత్తనాల కంపెనీ పుస్తకాలు, పాత శుభలేఖలు అన్నీ ఆవిడ ఇంటికే చేరేవి. ప్రార్థన మందిరం పాస్టరుగారైతే ఏడాదికోసారి తన పాత ప్రసంగాలన్నీ కట్టగట్టి తెచ్చిచ్చేవారు. బొంత పూర్తయ్యాక వాటితో పొయ్యి వెలిగిస్తే చక్కగా అంటుకునేదనీ, ప్రసంగం విన్నప్పుడు మాత్రం ఎవరికీ అంత వెచ్చగా అనిపించలేదనీ కిట్ అనేవాడు. పోస్టుమాన్ గుమ్మంలో నిలబడి అడిగేవాడు: "ఈ ఉత్తరం చదువుతావా థర్జా, నేనే కత్తిరించి ఇచ్చెయ్యనా?"

ఇన్ని బొంతలు కుట్టినా ఆవిడకి సెప్టెంబరు సంతలో జరిగే పోటీలో మొదటి బహుమతి ఒక్కసారీ రాలేదు. ఏడేళ్లుగా రెండోదే. మొదటిది ఫీబీ పీకాక్‌ది. ఫీబీ కిట్‌కి అక్క. వాగు అవతల ఉండేది. ఆవిడ అంగుళానికి ఇరవై కుట్లు వేస్తుంది, థర్జా పద్దెనిమిది.

"నీ కుట్లు మాత్రం తక్కువా, థర్జా," అనేది ఫీబీ ప్రతిసారీ బహుమతి చీటీ సంచిలో పెట్టుకుంటూ. "దూరం నించి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి."

అరవై ఎనిమిదో సంవత్సరం సంతకి మాత్రం పరిస్థితి వేరు. ఫీబీ కళ్లలోంచి నీళ్లు కారడం మొదలైంది, సూది సరిగ్గా కనబడేది కాదు. థర్జా మూడు చలికాలాలు కూర్చుని పదిహేను వందల ముక్కల బొంత కుట్టింది, ఈసారి అంగుళానికి ఇరవై ఒకటి. ఊళ్లో సగం మంది దాన్ని చూసి వెళ్లారు. ఫీబీ మాత్రం చూడ్డానికి రాలేదు. అదే పెద్ద మెప్పు.

జూన్‌లో ఒకరోజు పొద్దున కిట్ బురద బూట్లతో వంటింట్లోకి వచ్చాడు. సొరుగు లాగి, విత్తనాల పొట్లాలన్నీ బల్ల మీద కుమ్మరించాడు.

"పిల్లా, మా నాన్న కాగితం ఏది?"

అరవై రెండేళ్ల థర్జాని కిట్ ఇప్పటికీ పిల్లా అనే పిలిచేవాడు. ఆవిడ గిన్నె కడగడం ఆపకుండా అడిగింది: "ఎలాంటి కాగితం?"

"నీలంది. పంచదార సంచిది. ఉల్లిగడ్డల ఎరువు ఎలా కలపాలో రాసింది. ముప్పయ్యేళ్లుగా ఈ సొరుగు అడుగునే ఉంది."

థర్జా చెయ్యి ఆగింది. జనవరిలో మంచుకి పదకొండు రోజులు దారి మూసుకుపోయింది. పేపరు రాలేదు, పోస్టు రాలేదు, పాస్టరుగారూ రాలేదు. బొంత చివరి మూలకి వచ్చేసరికి ఇంట్లో కాగితం అయిపోయింది. సొరుగు అడుగున ఒక పంచదార సంచి కనిపించింది. నీలంగా, దళసరిగా, కాస్త పెళుసుగా ఉంది. పెన్సిల్ గీతలేవో ఉన్నాయి కానీ మసక వెలుతుర్లో అవి అక్షరాలని తోచలేదు. తొమ్మిది ముక్కలొచ్చాయి. ఎంత బాగా నిలబడిందో ఈ కాగితం అని ఆ రోజు మెచ్చుకుంది కూడా.

"అది ఎక్కడికీ పోలేదు," అంది చివరికి.

"మరెక్కడుంది?"

"బొంతలో."

కిట్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "బొంతలో ఎక్కడ?"

"ఏదో ఒక మూల. నాలుగే కదా మూలలు."

బల్ల గోడకి జరిపి, బొంతను నేల మీద బోర్లా పరిచారు. వెనకవైపు నించి చూస్తే అది బొంతలా లేదు, ఊళ్లో వాళ్ల సంగతులన్నీ ఆరు పలకలుగా కోసి పరిచినట్టుంది. ఇద్దరూ మోకాళ్ల మీద వంగి చెరో పక్క నించి మొదలుపెట్టారు. కిట్ కళ్లజోడు ముక్కు చివరికి తెచ్చుకుని ప్రతి ముక్కా పైకి చదవసాగాడు.

"'ప్రభువు మనకు ఓర్పు...' ఇది పాస్టరుగారిది. 'మీ ఆవుకి మళ్లీ అదే...' ఇది డాక్టరుది."

"నీలం ఒక్కటే వెతుకు, కిట్. చదవకు."

"చదవకుండా ఎలా వెతకను? 'థర్జా కేకు పంపితే మాత్రం తినకు, నీ కుట్లు ఊడతాయి...'" కిట్ గొంతు అక్కడ ఆగిపోయింది.

థర్జా తల ఎత్తింది. "అదెవరిది?"

"నా హెర్నియా ఆపరేషనప్పుడు ఆస్పత్రికి రాసింది. ఫీబీ."

"ఆ కేకు నువ్వు తిన్నావా?"

"పక్క మంచం ఆయన తిన్నాడు. ముందుకు పద, పిల్లా."

తొమ్మిది నీలం ముక్కలూ కిటికీ వైపు మూలలో ఒకే చోట దొరికాయి. నాలుగింటి రాత గుడ్డ వైపుకి తిరిగి ఉంది. ఐదింటి మీద మాత్రం రాత కనబడింది. పెద్ద పెద్ద అక్షరాలు, ఒక్కోటి ఒక్కో ఎత్తున. 'పొగమసి రెండు దో'. 'గొర్రె పెంట గోనెలో కట్టి'. 'తొట్టిలో పది రో'. 'మంగళారం పొయ్యొద్దు'. ఐదో ముక్క మీద, కింద గీత గీసి మరీ: 'ఫీబీకి చెప్పకు'.

కిట్ ఆ ఐదో దాని మీదికి వంగాడు, పెదాలు బిగించి, భుజాలు కదులుతుండగా. తర్వాత చేతిరుమాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. నవ్వుకో మరి దేనికో థర్జాకి తెలియలేదు.

"తీసిచ్చేస్తాను. అట్ట మీద అతికించుకో," అంది.

ఒక ముక్క టాకాలు తెంచి, గోటితో మెల్లగా లాగింది. చుట్టూ సూది పోట్లు, ఆరు నెలల మడతలు. ఆ కాగితం అప్పడం నలిగినట్టు పొడైపోయి ఆవిడ వేళ్ల సందుల్లోంచి రాలింది. 'పొగమసి రెండు దో' అలా పోయింది. కిట్ ఆ పొడిని అరచేత్తో ఊడ్చి అగ్గిపెట్టెలోకి ఎత్తాడు.

"నీకు ఆ ఎరువు నోటికి రాదూ?" అంది థర్జా.

"ఎందుకు రాదు? నిద్రలో అడిగినా చెబుతాను."

"మరి కాగితం దేనికి?"

"దేనికీ కాదు. ఏటా జూన్‌లో ఒకసారి తీసి చూస్తాను." కిట్ అగ్గిపెట్టె జేబులో వేసుకున్నాడు. "మా నాన్న తొమ్మిదేళ్లకే బడి మానేశాడు. ఆయన రాసింది ఇదొక్కటే. సరేలే. అన్నీ తీసెయ్. పోటీకి పెట్టాలిగా. కాగితమేగా."

అని బయటికి వెళ్లిపోయాడు. కిటికీలోంచి చూస్తే ఉల్లి మడి ముందు ఊరికే నిలబడి ఉన్నాడు. కలుపు తియ్యలేదు, నీళ్లు పొయ్యలేదు.

థర్జా ఆ వారమంతా కాగితాలు తీస్తూనే ఉంది. పాస్టరుగారి ఓర్పు, డాక్టరు ఆవు, ఫీబీ ఉత్తరం అన్నీ బుట్టలోకి వెళ్లాయి. ఫీబీ ఉత్తరాన్ని మిగతా వాటికంటే కాస్త గట్టిగా లాగింది. మూలనున్న ఎనిమిది నీలం ముక్కల దగ్గరికి వచ్చాక కత్తెర కింద పెట్టింది. టీ కాచుకుని తాగింది. ఏడేళ్లు లెక్కపెట్టుకుంది. ఇంకో కప్పు టీ తాగింది. ఆ తర్వాత లైనింగు గుడ్డ తెచ్చి ఆ మూల నించే కుట్టడం మొదలుపెట్టింది.

కిట్ వచ్చి చూశాడు. "తియ్యలేదేం?"

"నువ్వు పడుకునే పక్కే ఉన్నాయి. అక్కడైతే నాకు అడ్డం కాదు."

"పట్టుకుంటారు, పిల్లా."

"పదిహేను వందల ముక్కల్లో ఎనిమిది. ఎవరు పట్టుకుంటారు?"

సంత రోజు థర్జా బొంతను బల్ల మీద ఎలా మడిచిందంటే ఆ మూల అన్నిటికంటే అడుక్కి, గోడ వైపుకి వెళ్లింది. న్యాయనిర్ణేతలు చూసేటప్పుడు కుట్టినవాళ్లెవరూ డేరాలో ఉండకూడదు. కానీ వాళ్లకి టీ ఇచ్చే వంతు ఆ ఏడు థర్జాది. వంతు మారడానికి ఎవరూ ఒప్పుకోలేదు. కాబట్టి టీ కెటిల్ పట్టుకుని డేరాలోనే ఉంది.

పట్నం నించి వచ్చిన న్యాయనిర్ణేత మిసెస్ లాంబర్ట్ ఫీబీ బొంత ముందు రెండు నిమిషాలు నిలబడింది. థర్జా బొంత ముందు పది నిమిషాలు. భూతద్దం పెట్టి కుట్లు లెక్కపెట్టింది. తల పంకించింది. థర్జా పోస్తున్న టీ సాసరులోకి పొంగింది. అప్పుడు మిసెస్ లాంబర్ట్ బొంత మొత్తం విప్పి, చేతులతో ఒక అంచు నించి ఇంకో అంచు దాకా నొక్కుకుంటూ వచ్చింది. చివరి మూలలో బొంత గరగరమంది.

మళ్లీ నొక్కింది. మళ్లీ గరగర.

"అయ్యో," అంది టీ అందుకుంటూ. "ఎంత చక్కటి పని. పాపం, ఎవరో కాగితాలు తియ్యడం మరిచిపోయారు. బాగా వయసైనావిడ కాబోలు."

థర్జా కెటిల్ రెండు చేతులా పట్టుకుంది. అసలు సంగతి చెప్పడానికి నోరు సగం తెరిచింది కూడా. చెబితే ఇది ఎవరిదో చెప్పినట్టే, అది నిబంధనకి విరుద్ధం. పైగా చెబితే మామగారు రాల్ఫ్ ఆల్డర్సన్ రాత సాయంత్రానికల్లా ఊరందరి నోటా నానుతుంది.

"కాబోలండీ," అంది. "ఇంకొంచెం పాలు పొయ్యనా?"

మధ్యాహ్నం డేరా తెరిచారు. ఉల్లిగడ్డల పోటీలో కిట్‌కి మూడో బహుమతి. వాళ్ల నాన్న కాలం నించీ ఆ రహస్య ఎరువుకి మూడోదే వచ్చేది. థర్జా బొంత మీద రెండో బహుమతి చీటీ, దాని మీద పట్నం దస్తూరీతో: 'కుట్టుపని అద్భుతం. కాగితాలు తీయడం మరిచారు.'

ఫీబీ తన చీటీ సంచిలో పెట్టుకుని వచ్చింది. "దూరం నించి చూస్తే..." అని మొదలుపెట్టి, చీటీ చదివి ఆగింది. "మరిచిపోయావా? నువ్వా?" మూల పట్టుకుని నొక్కింది. "ఏం కాగితం ఇది? ఇంత దళసరిగా ఉంది?"

థర్జా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "పంచదార సంచిది. మీ నాన్న రాసింది. తెలియక కత్తిరించాను. తీస్తే పొడైపోతోంది."

ఫీబీ కళ్లు మామూలుగానే కారుతుంటాయి కనక ఆవిడ ముఖంలో తేడా ఏమీ కనబడలేదు. బొంత మూల మాత్రం వదల్లేదు.

"ఎరువు సంగతా? నాకెప్పుడూ చూపించలేదు ఆయన. ఏళ్ల తరబడి అడిగాను." మూలను మళ్లీ నొక్కింది. "అందులో నా పేరేమైనా ఉందా?"

"ఉంది," అంది థర్జా.

"ఏమని?"

థర్జా కిట్ వైపు చూసింది. కిట్ తన ఉల్లిగడ్డను మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నాడు.

"పేరు ఉంది, కింద గీత గీసి ఉంది," అంది థర్జా. "మిగతాది గుడ్డ లోపలికి పోయింది."

"గీత గీశాడా," అంది ఫీబీ.

ఆ రోజు నించి ఫీబీ ఆదివారాలు ప్రార్థన అయ్యాక వాగు దాటి వచ్చేది. కేకూ చీజూ తినేది. కేకు గట్టిగా ఉందని ఒక్కమాట అనేది కాదు. వెళ్లేముందు మేడ మీదికి వెళ్లి, కిట్ మంచం వైపు మూలను ఒకసారి నొక్కి, చప్పుడు విని దిగివచ్చేది. ఆ బొంతను ఎన్నడూ ఉతకలేదు, ఎండలో దులిపేవారంతే. కిట్ చనిపోయిన చలికాలంలో కూడా అతని భుజం మీద అదే ఉంది.

'మరిచారు' అన్న మాటను మాత్రం థర్జా కడదాకా క్షమించలేదు. సంత నించి ఇంటికొచ్చిన సాయంత్రమే ఆ చీటీ మీద రేకు పెట్టింది. రెండు ముక్కలొచ్చాయి. వాటిమీద ఫీబీ పాత గౌను గుడ్డ మడిచి, తరవాతి బొంతకి మొదటి టాకాలు వేసింది. రెండేళ్ల తర్వాత ఆ బొంత పూర్తవగానే అన్నిటికంటే ముందు ఆ రెండు కాగితాలే, మరిచిపోకుండా, బయటికి లాగి పొయ్యిలో వేసింది.