బానెట్ కొక్కాలు రెండు

పోయిన నెల కడపలో మా అబ్బాయి కారును ఒక ఆటో రాసుకుపోయింది. ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా పొడుగ్గా ఒక గీత, దాని చివర అరచేయి పట్టేంత సొట్ట. నేనూ కార్లోనే ఉన్నాను కాబట్టి షోరూముకు వెంట వెళ్ళాను. చల్లటి గది, గాజు బల్ల, కాఫీ. ఇస్త్రీ చొక్కా వేసుకున్న కుర్రాడొకడు బయటికి వచ్చి, ఫోను చేత్తో పట్టుకుని గుడి చుట్టూ తిరిగినట్టు కారు చుట్టూ తిరిగి, ఫొటోలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. మేము కాఫీ తాగేలోపే ఎస్టిమేటు మా అబ్బాయి ఫోనుకు వచ్చేసింది. ఎడమ పక్క మొత్తం మార్పు, రంగు అని ఒకే ఒక్క వరస. నేను ఉండబట్టలేక, ‘‘చెయ్యి పెట్టి చూడవా నాయనా?’’ అన్నాను. ‘‘ఫొటోలో అంతా కనపడ్తాంది గదమ్మా’’ అన్నాడు మర్యాదగానే. మా అబ్బాయి నా మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. ఇంకాసేపు ఉంటే నేను కాగితం కలం అడిగి పుచ్చుకుని రాయడం మొదలుపెడతానని వాడి భయం. అది ఉత్త భయమేమీ కాదు.

ఎందుకంటే ఒకప్పుడు ఆ పని నాదే. ప్రొద్దుటూరులో జమ్మలమడుగు రోడ్డు మీద మా మామకు, అంటే మా ఆయన తండ్రికి, టింకరింగు షెడ్డు ఉండేది. బండ్ల సొట్టలు తీసి, చిరిగిన రేకు అతికి, రంగు వేసే షెడ్డు. దాని వెనకే మా ఇల్లు. నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో పొద్దున సుత్తి చప్పుడుకు లేచేదాన్ని, పడుకునేటప్పుడు దుప్పట్లో కూడా రంగు వాసన వచ్చేది. పప్పులో సైతం టిన్నరు వాసన వస్తోందని ఒకసారి అంటే, మా అత్త పదిమంది ముందు చెప్పుకుని చాలారోజులు నవ్వింది. ఎస్టిమేట్లు అంతకు ముందు మా ఆయన రాసేవాడు. ఆయనవి కోడిగీతలు. తలుపు అని రాసింది తలుపో తలకాయో ఇన్సూరెన్సు ఆఫీసులో ఎవరికీ అంతుపట్టక కాగితాలు తిరిగి వచ్చేవి. నేను ఇంటర్ చదివానని, దస్తూరి బాగుంటుందని మా అత్త గొప్పగా చెప్పిన మాట మా మామ పట్టుకున్నాడు. మర్నాటికల్లా షెడ్డులో నాకో కుర్చీ పడింది.

మా మామ పొట్టి మనిషి. చెవులు సుత్తి దెబ్బలకు అలవాటుపడి, మామూలు మాట కూడా అరిచి చెప్పేవాడు. ఎస్టిమేటు విషయంలో ఆయనకు ఒక పట్టు ఉండేది. బండి సొంతదారు స్వయంగా రావాలి. డ్రైవరు వస్తే కుదరదు, గుమాస్తా వస్తే కుదరదు. వచ్చినాయన ప్రతి సొట్ట మీదా తన చెయ్యి తాను పెట్టాలి. చెయ్యి పెట్టిన తర్వాతే మా మామ చెప్పేవాడు, ఇది సుత్తితో సరిపోతుంది, ఇది అతుకు, ఇది మార్చాల్సిందే, ఇది పాతదెబ్బ మనకు సంబంధం లేదు అని. అప్పుడే నేను రాయాలి. ముందు బంపరు మొత్తం అని రాస్తే ఒప్పుకునేవాడు కాదు. బంపరు వేరు, దాన్ని పట్టుకున్న పట్టీలు వేరు, బోల్టులు వేరు. అంతా అయ్యాక నేను మొదటి నుంచి పైకి చదవాలి, సొంతదారు వినాలి. తెల్ల పంచెల పెద్దమనుషులు గ్రీజు అంటిన రేకు మీద చెయ్యి పెట్టడానికి మొహం చిట్లించేవాళ్ళు. ‘‘నీ బండేగదప్పా, పాము గాదు’’ అనేవాడు మా మామ.

ఆ రోజుల్లో మా షెడ్డుకు పని తక్కువ పడిందే లేదు. దేవుడి దయ అనడానికి నోరు రాదు. పులివెందుల, జమ్మలమడుగు, కమలాపురం, ఎటు చూసినా ఊళ్ళలో రెండు వర్గాలు, రెండు వర్గాలకూ జీపులు, జీపులకు దెబ్బలు. ఎన్నికలొస్తే రంగుల పని అదనం. జమ్మలమడుగు వైపు నాయకుడొకాయన పార్టీ మారినప్పుడల్లా మడ్‌గార్డుల రంగు మార్పించేవాడు. మూడోసారి వచ్చినప్పుడు మా మామ, ‘‘ఈ తూరి పాత రంగు గీకకుండా పైపైన కొడ్తాలే అప్పా, మళ్ళా ఆ రంగే కావల్సొస్తే ఈజీగా ఉంటాది’’ అన్నాడు. ఆయన కూడా నవ్వి, బాగా కొట్టమనే చెప్పి వెళ్ళాడు. జెండా కర్రలు బిగించిన బొక్కల్ని మాత్రం మా మామ ఎప్పుడూ పాతదెబ్బల కిందే రాయించేవాడు.

ఇంతకీ నేను చెప్పాలనుకున్నది ఒక పొద్దుటి సంగతి. వాకిట్లో నీళ్ళు చల్లుతుంటే ట్రాక్టరు ఒకటి జీపును తాడు కట్టి లాక్కొచ్చి షెడ్డు ముందు వదిలింది. జమ్మలమడుగు దగ్గరి పల్లెలో ఒక వర్గానికి పెద్ద అయిన ఆసామిది ఆ జీపు. డ్రైవరు లింగాల వైపు మనిషి, నడివయసువాడు, నెమ్మదైనవాడు, అంతకు ముందు వచ్చినప్పుడల్లా నన్ను అక్కా అని పలకరించేవాడు. ఆ రోజు తల ఎత్తలేదు. నుదుటి మీద గుడ్డ కట్టు. ముందురోజు సాయంత్రం పులివెందుల నుంచి ఒక్కడే వస్తుంటే, ముద్దనూరు దాటాక ఒక ఊరి దగ్గర ఎదుటి వర్గంవాళ్ళు రాళ్ళతో కొట్టారని, అద్దం పగిలి, దారి కానరాక రోడ్డు కింద కాలువ పారే మోరీ గోడకు గుద్దుకున్నానని చెప్పాడు. ఊరి పేరు కూడా చెప్పాడు. అది మా చెల్లెల్ని ఇచ్చిన ఊరు.

రాళ్ళతో కొట్టారంటే జవాబు రాళ్ళతో ఉండదని మా ప్రాంతంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆసామి అప్పటికే మనుషుల్ని పోగుచేస్తున్నాడట. షెడ్డుకు వచ్చి ఎస్టిమేటు తీసుకుని, దాన్ని స్టేషన్లో పడేసి, అక్కడి నుంచి నేరుగా ఆ ఊరికి పోతారట. స్టేషన్‌లో కాగితం ఇచ్చాక చేసేది న్యాయం కిందికి వస్తుందని అప్పటివాళ్ళ లెక్క.

మా మామ జీపు చుట్టూ తిరిగాడు. వంగి చూశాడు, గోటితో గీరి చూశాడు. బానెట్ దగ్గర ఆగిపోయాడు. ఆ కాలపు జీపులకు బానెట్ అద్దం వైపు బందుల మీద తిరిగి పైకి లేస్తుంది. ముందు వైపు లేవకుండా రెండు పక్కలా రెండు కొక్కాలు పట్టి ఉంచుతాయి. ఈ జీపుకు కొక్కాలు లేవు. వాటి స్థానంలో తెగిన నులక తాడు వేలాడుతోంది.

‘‘కొక్కాలు యాడబోయినాయిరా?’’ అన్నాడు మా మామ, ఆయనకు సాధ్యమైనంత నెమ్మదిగా.

డ్రైవరు అటూ ఇటూ చూశాడు. ‘‘అన్న తీసేయమన్యాడు మామా. బిర్రుగా ఉండాయి, తొందరగా తెరుచుకోవడం ల్యాదని.’’

దీనికి వివరణ అక్కడ ఎవరికీ అక్కర్లేదు. పోలీసులు జీపు ఆపితే సీట్ల కింద వెతుకుతారు. అందుకని కొడవళ్ళు బానెట్ కింద, ఇంజను పక్కన పెట్టుకునేవాళ్ళు. అవసరం వచ్చినప్పుడు కొక్కెం పీకుతూ కూర్చునే వ్యవధి ఉండదు కనుక ముడి లాగితే ఊడేట్టు తాడు కట్టించాడు ఆసామి. ఆ తాడు ఇంజను వేడికి కాలి, గతుకులకు నలిగి, ఆ సాయంత్రం తెగింది. వేగంగా పోతున్న జీపుకు బానెట్ రెక్కలా పైకి లేచి అద్దాన్ని బద్దలుకొట్టి, డ్రైవరు కళ్ళకు అడ్డం నిలబడింది. రాయి వేసినవాడూ లేడు, దారి కాసినవాడూ లేడు. మా మామ ఇదంతా అడగలేదు, ఆయనే చెప్పాడు. డ్రైవరు అవునన్నట్టు ఏడ్చాడు.

‘‘మరి అట్ల చెప్పొచ్చు గదరా?’’

‘‘నువ్వు కట్టించిన తాడు తెగిందని అన్నకు ఎట్ల చెప్పేది మామా? భయానికి నోట్లో రాళ్ళ మాటొచ్చె. ఇప్పుడు కాదంటే నన్ను బతకనిస్తాడా? నీ కాళ్ళు పట్టుకుంటా, రాళ్ళదెబ్బలని రాయి.’’

మా మామ చాలాసేపు తుండుతో చేతులు తుడుచుకున్నాడు. ‘‘ల్యాని దెబ్బ నేను రాయను. నీ గురించి కూడా రాయను. బండి గురించి రాస్తా’’ అన్నాడు. తర్వాత లోపలికి వచ్చి నన్ను చూశాడు. నేను పొయ్యి దగ్గర నిలబడి ఏడుస్తున్నాను. మా చెల్లెలు ఆ ఊర్లో ఉంది మామా అన్నాను, ఆయనకు తెలియనట్టు. ‘‘తెలుసు మ్మా. నీ చెల్లెలుండాదని తక్కువా రాయొద్దు, ఎక్కువా రాయొద్దు. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. చెయ్యి వణికితే ఆపి రాయి’’ అన్నాడు. అప్పుడు నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఊరు తగలబడుతుంటే ఈయనకు దస్తూరి కావాల్సొచ్చిందా అనిపించింది.

ఎండ ఎక్కుతుండగా ఆసామి వచ్చాడు. వెనక రెండు జీపుల నిండా మనుషులు. దిగలేదు, ఇంజన్లు కూడా ఆపలేదు. పొగ షెడ్డులోకి వస్తోంది. ‘‘ఇంజన్లు ఆపండప్పా, కోడలికి దగ్గొస్తాది’’ అని అరిచాడు మా మామ. ఆశ్చర్యం, ఆపారు.

‘‘రాసినావా మామా?’’ అన్నాడు ఆసామి.

‘‘నువ్వు రాకుండా ఎట్ల రాస్తా? రా, చెయ్యి పెట్టు.’’

‘‘ఈ పొద్దు చెయ్యి పెట్టే టైం ల్యాదు. రాళ్ళతో కొట్నారని రాసీ, చాలు.’’

‘‘చెయ్యి పెట్టంది నా కాడ ఎస్టిమేటు ల్యాదప్పా. నీకు తెల్దా ఏంది?’’

అంతమంది చూస్తుండగా పనివాడితో వాదన పెట్టుకోవడం నచ్చలేదో, అలవాటు బలమో, ఆసామి పళ్ళు కొరుక్కుంటూ వంగాడు. ముందు బంపరు. ఎడమ మడ్‌గార్డు, దానికి అంటిన మోరీ సున్నం. ఆసామి వేళ్ళకు ఆ తెల్లటి పొడి అంటింది. ఎడమ లైటు. ఇంజను ముందరి జాలీ, లోపలికి నొక్కుకుపోయింది. నేను రాస్తూనే ఉన్నాను. అప్పుడు మా మామ ఆయన చేతిని బానెట్ ముందు అంచు మీద పెట్టించాడు. జాలీ అంత నలిగినా, దాని మీద ఉండాల్సిన ఆ అంచు కొత్తదానిలా చక్కగా ఉంది. ఆసామి చెయ్యి అక్కడ ఆగింది. తర్వాత అద్దం చట్రం. తర్వాత బానెట్ వీపు మీద ఆ చట్రం అచ్చు దిగిన గాడి. వెనక్కి విరిగిన బందులు. డోర్ల మీద, టాపు మీద ఎక్కడా ఒక్క రాయి గుర్తు లేదు. మా మామ ఒక్క మాట కూడా వివరించలేదు. ఎప్పటిలాగే ఇది అతుకు, ఇది మార్పు అని చెప్పుకుంటూ పోయాడు. చివరికి తెగిన తాడు కొస ఆయన చేతిలో పెట్టి నా వైపు తిరిగాడు.

‘‘రాసుకో మ్మా. బానెట్ కొక్కాలు రెండు...’’ అని ఆగి, ఆసామిని అడిగాడు. ‘‘ఏమని రాయించమంటావప్పా? ఇరిగినాయనా, యాడన్నా పడిపోయినాయనా?’’

నేను కలం కాగితానికి ఆనించి పెట్టే ఉన్నాను, అక్కడ సిరా చుక్క పెద్దదవుతోంది. నాకు ఆ క్షణంలో దేవుళ్ళెవరూ గుర్తు రాలేదు. చెల్లెలి మొహం ఒక్కటే. ఆసామి ఆ తాడు కొసను వేళ్ళ మధ్య నలుపుతూ నిలబడ్డాడు.

‘‘కొత్తవి రెండు అని రాయి’’ అన్నాడు చివరికి.

తర్వాత నేరుగా డ్రైవరు దగ్గరికి పోయి చెంప మీద ఒక్కటి కొట్టాడు. ‘‘నోరు ల్యాదారా నీకు? నిన్నే చెప్తే నీ గొంతు కోస్తాంటినా?’’ అన్నాడు. కోస్తాడనే కదా వాడు చెప్పనిది, ఆ మాట ఆసామికి తోచలేదు. ఆ చెంపదెబ్బను మా మామ ఎస్టిమేటులో రాయించలేదు. జీపుల్లో ఉన్నవాళ్ళతో ఆసామి, ‘‘ఇండ్లకు పోండి’’ అన్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఒకరిద్దరు మాత్రం సినిమా టికెట్టు దొరకనట్టు మొహాలు పెట్టుకున్నారు. నేను మొదటి నుంచి చివరి దాకా పైకి చదివాను. దస్తూరి ఎక్కడా వణకలేదు. ఆసామి నిలబడి అంతా విని వెళ్ళాడు.

దీనితో ఫ్యాక్షను ఆగిందని చెప్తే అబద్ధమవుతుంది. ఆ ఆసామే కొన్నేళ్ళకు ఇంకో గొడవలో పోయాడు. డ్రైవరు కువైట్ వెళ్ళి అక్కడ కూడా బండే నడిపాడు. ఆ రోజు మా మామ మీద వచ్చిన కోపం సాయంత్రానికే పోయింది. ఆయనకు ఇష్టమని అలసందల వడలు చేసి పెట్టాను. ఉప్పు ఎక్కువైందని అరిచాడు.

ఈ సంగతి మా చెల్లెలికి చెప్పలేదు, దాన్ని అదరగొట్టడమెందుకని. ఆసామి పోయిన చాలా కాలానికి, ఒకసారి వాళ్ళింట్లో వేరుశనగ బుడ్డలు ఒలుస్తూ చెప్పాను. అది చెయ్యి ఆపకుండానే విని, ‘‘ఏ పొద్దు అక్కా అది? బుడ్డలు పెరికే కాలమా? అయితే ఊరంతా చేండ్లలోనే ఉంటిమి. ఇండ్లకు తాళాలు గూడా ల్యాకపాయ’’ అంది. కాసేపు ఆలోచించి, ఆ రోజేమీ గుర్తు రావడం లేదంది. మా మరిదిని అడిగితే ఆయనకూ గుర్తు లేదు. పక్కింటి ముసలాయనకూ లేదు. ఆ పొద్దు ఆ చేలల్లో వంగి ఉన్నవాళ్ళలో ఎవరు పోవాల్సిందో వాళ్ళకు తెలియదు. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులని, కళ్ళు ఆనడం లేదని మూలుగుతూ అరుగుల మీద కూర్చుని ఉన్నారు. ఎవరికీ గుర్తు లేకుండా గడిచిపోయిన ఒక మామూలు రోజుకంటే కాలం మనిషికి ఇచ్చే పెద్ద కానుక ఏదీ లేదని, వాళ్ళను చూసినప్పుడల్లా అనుకుంటాను.