సున్నపు గీతల్లో గుమ్మం

2022 వేసవి. నరసాపురం దగ్గర, గోదావరి గట్టుకి బాగా ఎడంగా, కాలవ అవతల కొబ్బరితోటల పక్కన మెరక చేసిన స్థలంలో మా సంస్థ ఇళ్లు కట్టిస్తోంది. నేను సైట్ ఇంజినీర్ని. మాది లాభం చూసుకోని సంస్థ. అలాగని ఇల్లు ఉచితంగా ఇవ్వం. అయిన ఖర్చుకే అమ్మి, ఆ డబ్బు చిన్నచిన్న వాయిదాల్లో తీసుకుంటాం. కొనుక్కునే కుటుంబం కూడా పనిలో చెయ్యి వెయ్యాలి, మట్టి మొయ్యాలి, గోడలు తడపాలి. దాన్ని స్వెట్ ఈక్విటీ అంటాం, చెమటతో కట్టే వాటా అన్నమాట.

పునాది తవ్వేముందు నేలమీద సున్నంతో గదులు గీస్తాం. కాగితాల్లో దాని పేరు మార్కింగ్. మేస్త్రిలు ముగ్గు పోయడం అంటారు. మామూలుగా అది ఒక పూట పని. ఈ రోజు పోస్తాం, రేపు తవ్వేస్తాం, సున్నం మట్టిలో కలిసిపోతుంది. ఆసారి మాత్రం తవ్వే మిషను ఇంకో ఊళ్లో ఇరుక్కుపోయి రాలేదు. అలా ఆ తెల్లగీతలు కొన్నాళ్లు నేలమీద ఉండిపోయాయి.

ఓ సాయంత్రం టేపు పట్టుకుని చివరి ప్లాటు దగ్గర నిలబడి ఉంటే వెనకనుంచి పిలుపు వినిపించింది.

"మేడంగారండి, గోడమీద నించున్నారండి. కాస్త దిగండి."

చూస్తే నూకరత్నం. పొద్దున్నే రేవులో చేపలు కొని ఊళ్లో అమ్ముకుంటుంది, సాయంత్రాలు లేసు అల్లుతుంది. ఆ ప్లాటు వాళ్లదే. ప్లానులో హాలు ఉన్న చోట గోనెపట్టా పరుచుకుని, దారం ఉండ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను తిన్నగా ఆమె దగ్గరికి వెళ్లబోతే, "అటు కాదండి, గుమ్మం ఇటుంది" అంది, నవ్వకుండా.

చుట్టూ తిరిగి గుమ్మంలోంచే వెళ్లాను. మామూలుగా నాకు ఇలాంటి వేషాలు గిట్టవు. కానీ అప్పుడే పైరగాలి తిరిగింది, మునిమాపు వెలుగులో సున్నం మెరుస్తోంది. ఆమె పక్కన కూర్చున్నాక ఆ గీతలు మెల్లగా పైకి లేచినట్టే అనిపించింది. వెనక వంటగది, పక్కన పడగ్గది, కిటికీలోంచి కొబ్బరాకుల చప్పుడు. రత్నం లేచి, వంటగది గుమ్మం దాటి వెళ్లి, అక్కడ పెట్టుకున్న సీసాతో మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఇంట్లో కూర్చుని తాగినంత చల్లగా ఉన్నాయి. ఆ తరవాత రోజూ పని అయ్యాక నా కాళ్లు అటే వెళ్లేవి.

చిక్కల్లా ఆమె భర్త ఏడుకొండలుతో వచ్చింది. ఇల్లు ఇద్దరి పేరా ఉండాలని, ఇద్దరూ సంతకం పెట్టాలని మా నియమం. తవ్వకం మొదలయ్యేలోగా సంతకం పడకపోతే ప్లాటు వరసలో ఉన్న తరవాతి కుటుంబానికి పోతుంది. ఆయన పెట్టనంటాడు. పొద్దుగూకే వేళ భార్యను తీసుకెళ్లడానికి వచ్చేవాడు, రోడ్డుమీంచి అడ్డంగా, వంటగది గోడ తొక్కుకుంటూ.

"గోడలోంచి వచ్చేత్తావేంటి మావా?"

"గోడేదే? సున్నవేగా. వానొత్తే పోద్ది."

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఓ రోజు కూర్చోబెట్టి కాస్త కోపంగానే అడిగాను. "గట్టుమీద మీ పాక ఏటా ఏట్లోకి జారుతోంది. ఎన్నిసార్లని వెనక్కి జరుపుతారండి?"

"ఎన్నిసార్లైనా జరుపుతానండి. పాక కాబట్టి జరుగుద్ది" అన్నాడు. "మా నాన్న ఇటికెలతో ఇల్లు కట్టేడండి. ఒక్క వరదకి గట్టుతో సహా పోయింది. ఆయన మళ్లీ వల పట్టలేదు. రోజూ ఒడ్డున కూచుని, ఇల్లున్న చోట నీళ్లకేసి చూసేవోడు. పాక పోతే ఏసుకోవచ్చండి. ఇల్లు పోతే మనిషి పోతాడు."

"ఇక్కడికి ఏరు రాదండి."

"ఆయ్, రాదండి" అన్నాడు. మర్యాదకి అన్నాడని తెలుస్తూనే ఉంది.

నేల గట్టిదనం గురించి ఎంతైనా చెప్పగలను, ఆయన భయం నేల గురించి కాదు. రత్నం దారం చుట్టుకుని, గుమ్మంలోంచి బయటికి నడిచి, చుట్టూ తిరిగి ఆయన్ని కలుసుకుంది.

మిషను వస్తోందని కబురొచ్చింది. దానికి ముందురోజు సాయంత్రం ఈదురుగాలి, వాన. పొద్దున్న వెళ్లేసరికి సైటంతా నున్నటి తడిమట్టి. హాలూ లేదు, వంటగదీ లేదు. కొలతలు నా దగ్గరే ఉన్నాయి, కావాలంటే మళ్లీ గియ్యగలను. అయినా టేపు బయటికి తియ్యబుద్ధి కాలేదు. రత్నం ఇటికెల దొంతర పక్కన నిలబడి ఉంది. "పోయిందండి" అంది. ఆ మట్టిలో ఎటు అడుగు వెయ్యాలో ఆమెకి తోచడం లేదు.

అంతలో ఏడుకొండలు వచ్చాడు, రోజూ వచ్చే దారినే, రోడ్డుమీంచి అడ్డంగా. నేను చెప్పలేదా అంటాడని మనసులో పళ్లు నూరుకుంటున్నాను. వంటగది గోడ ఉండే చోటికి వచ్చి ఆగాడు. కింద ఏమీ లేదు. కాసేపు ఆ మట్టికేసి చూశాడు, వాళ్ల నాన్న నీళ్లకేసి అలాగే చూసి ఉంటాడు. తరవాత పక్కకి తిరిగి, అంచు వెంబడే చుట్టూ నడిచి ముందువైపుకి వచ్చాడు. ఒకచోట చెప్పులు విడిచాడు. కాలు కొంచెం ఎత్తి, గడప దాటినట్టు దాటి, లోపల నిలబడ్డాడు.

"ఏంటే రత్నం, గోడకవతల నించున్నావు? లోపలికి రా" అన్నాడు.

ఆమె కూడా అక్కడే చెప్పులు విడిచి వెళ్లింది. ఏడుస్తోంది. నాకూ కళ్లనీళ్లు ఆగలేదు, దాచుకోవడం దేనికి.

ఇటికెల మీద కాగితం పెట్టి ఏడుకొండలు సంతకం చేశాడు. "రాత్రి వాన పడతా ఉంటే ఇదే కళ్లముందు ఆడిందండి" అన్నాడు. "హాలు పోతందేమో, వంటగది పోతందేమో అని నిద్ర లేదు. పోతందని బెంగ పెట్టుకున్నానంటే, అప్పుడే నాదైపోయినట్టు కదండి."

వాళ్లు వెళ్లాక మళ్లీ ముగ్గు పోస్తుంటే ఒక సంగతి తేలింది. బురదలో చెప్పుల గుర్తులు ఇంకా ఉన్నాయి. ఆయన లోపలికి వెళ్లిన చోటు ప్లాను ప్రకారం గుమ్మం కాదు, కాస్త పక్కన, లెక్కకి గోడ. మేస్త్రిని పిలిచి గుమ్మాన్నే ఆ గుర్తుల దగ్గరికి జరపమన్నాను. "ప్లాను తప్పుద్దేమోనండి" అని నసిగాడు. "ప్లాను నేను చూసుకుంటాను, నువ్వు గియ్యి" అన్నాను.

ఇల్లు పునాదితో మొదలవుతుందని చదువుకుని వచ్చినదాన్ని. ఇప్పుడు మిషను వచ్చి నిలబడినా, ముగ్గు పోశాక కొన్నాళ్లు తవ్వనివ్వను. కొనుక్కునేవాళ్లని పిలిచి, సాయంత్రాలు వచ్చి ఆ గీతల్లో కూర్చోమంటాను. పని ఆలస్యమవుతోందని ఆఫీసులో సణుగుతారు, సణుక్కోనీ.

ఆ వీధిలో ఇళ్లన్నీ ఒకేలా ఉంటాయి, చివరి ఇంటి గుమ్మం తప్ప. అదేంటండి పక్కకి పోయింది అని చూడవచ్చిన పెద్దలు అడుగుతారు. గాలికోసమండి అంటాను. ఏడుకొండలుకి కూడా అదే చెప్పాను. రోజూ ఆ గుమ్మం ముందు చెప్పులు విడిచి లోపలికి వెళతాడు, గాలి బాగా వస్తోందండి అంటాడు.