పెద్దబాపు గుండెతో ఉరికిన ఏడాది

ముందే చెప్పేస్తాను, దాచిపెట్టి చివర్లో చెప్పే ఓపిక నాకు లేదు. వనరక్షక్ భర్తీ కోసం ఏడాది పాటు నేను చేతికి కట్టుకుని ఉరికిన వాచీ నన్ను అరవై దాటిన మగమనిషి అనుకుంది. గుండెలో స్టెంటు వేయించుకున్న మనిషి అనుకుంది. అప్పుడు నాకు ఇరవయ్యారేళ్లు. నేను కాస్త గట్టిగా ఉరికితే చాలు, ఆ ముసలాయన ఎక్కడ చచ్చిపోతాడోనని భయపడి మొత్తుకునేది. నేను ఆగేదాన్ని. ఆగీ ఆగీ చివరికి ఆగడమే బాగా వచ్చింది నాకు.

ఆ ముసలాయన మా పెద్దబాపు, అంటే మా బాపుకి అన్న. థర్మల్ ప్లాంటులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. బాబుపేట్‌లో మేమంతా ఉండే ఇల్లు ఆయన కట్టించిందే, మరాఠీ ఊళ్లో స్థిరపడ్డ తెలుగువాళ్లం మేము. మా బాపు ఆటో నడుపుతాడు. ఇల్లు అన్నగారిది కాబట్టి ఇంట్లో మాట కూడా అన్నగారిదే. బాపు ఎదురుచెప్పగా నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

వనరక్షక్ అంటే ఫారెస్ట్ గార్డు. ముందు రాతపరీక్ష, ఆ తర్వాత ఆడవాళ్లకు మూడు కిలోమీటర్ల పరుగు. ఎంత తొందరగా పూర్తిచేస్తే అన్ని మార్కులు. రాతపరీక్ష నాకు పెద్ద లెక్కలోది కాదు, మరాఠీ స్కూల్లో చదివినదాన్ని, పుస్తకం పట్టుకుంటే వదలను. భయమంతా పరుగుది. పైగా నా వయసుకి అదే ఆఖరి భర్తీ. ఆ ఉద్యోగం ఎందుకు కావాలో కూడా చెప్తాను. అడవి మీద ప్రేమా, పులుల మీద ప్రేమా ఏం కాదు. పొద్దున గడప దాటడానికి ఎవరినీ అడగక్కర్లేని బతుకు కావాలనుకున్నాను. యూనిఫాం వేసుకున్నదాన్ని ఎటు పోతున్నవే అని ఎవడడుగుతాడు? అంతే, నాకు కావలసింది అంతే.

ఇక వాచీ సంగతి. పెద్దబాపుకి స్టెంటు పడ్డాక, పుణెలో ఉద్యోగం చేసే ఆయన కొడుకు, మా అన్న, దాన్ని తెచ్చి తండ్రి చేతికి కట్టాడు. గుండె ఎంత కొట్టుకుంటోందో అంకెల్లో చూపిస్తుంది. నూట ముప్పై అయిదు దాటితే అంకె ఎర్రబడుతుంది, చెయ్యి జుమ్మని వణుకుతుంది, పీక్ పీక్ అని ఒకటే గోల. పెద్దబాపు వారం కూడా భరించలేదు. “ఏం వాచీరా బై ఇది, జెర జల్ది మెట్లెక్కనియ్యది, గట్టిగ మాట్లాడనియ్యది, పానం తింటుంది” అని విప్పి బీరువాలో పడేశాడు. ఇది నేను కళ్లతో చూసిన ముచ్చట.

నేను పొద్దున్నే మైదాన్‌కి పోతానని అడిగిన రోజే ఆ వాచీ బీరువాలోంచి మళ్లీ బయటికొచ్చింది. ఎక్కడో భర్తీలో ఉరుకుతూ ఒక పిల్లగాడు కుప్పకూలాడని టీవీలో వచ్చిందట. పెద్దబాపు నన్ను పిలిచి కూర్చోబెట్టాడు.

“పో బిడ్డా, నేను వద్దంటనా? గని ఇది కట్టుకొని పో. ఇది మొత్తుకున్నదంటె ఆగాలె. ఆగలేదని నాకు తెలిసిందనుకో, తెల్లారి సంది మైదాన్ బంద్.”

వాచీ ఆయన ఫోనుకే జోడించి ఉంది. నా ఫోనుకి మార్చుకుంటానంటే, “పిల్లగాడు పెట్టిచ్చి పోయిండు, మనం ముట్టుకుంటె ఖరాబైతది” అన్నాడు. అబద్ధం ఎందుకు, ఆ రోజు నేను సంబరపడ్డాను. ఇంట్లో మగపిల్లలకు కూడా లేని ఖరీదైన వాచీ నా చేతికొచ్చిందని అద్దంలో మణికట్టు చూసుకున్నాను. పిచ్చిదాన్ని.

అప్పట్నుంచి ఇదీ మా ఇంటి పద్ధతి. నేను మైదాన్ నుంచి వస్తాను. షూ విప్పకముందే వాచీ విప్పి ఆయన చేతికిస్తాను. ఆయన వరండాలో కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతూ, కళ్లద్దాలు ముక్కు మీదికి దించి, ఫోన్‌లో నా గుండె చూస్తాడు. “ఇయ్యాల రెండుసార్లు ఎర్రగైంది. ఏంది కథ?” ఏం కథ చెప్పాలి? ఉరికాను, అదీ కథ. ఒక్కోరోజు పక్కింటాయన వస్తే ఆయనకు కూడా చూపించేవాడు. నా గుండె చప్పుడు పరాయి మగాళ్లు చాయ్ తాగుతూ చూస్తుంటే నాకు ఒళ్లు మండేది. పైకి అనలేదు. అంటే మైదాన్ బంద్.

మైదాన్‌లో మా భర్తీ గుంపుకి పరుగు నేర్పే సర్ ఒకాయన ఉండేవాడు, మిలిటరీలో చేసి వచ్చిన మరాఠీ ఆయన. మిగతావాళ్లు ఊపిరందక మోకాళ్లు పట్టుకుని వంగిపోతుంటే నేను మాత్రం రౌండు మధ్యలో ఆగి మణికట్టు చూసుకుంటూ నడిచేదాన్ని. కొన్నాళ్లు చూశాడు. ఒకరోజు దగ్గరికొచ్చి “ఘడ్యాళ్ కాఢ్” అన్నాడు, వాచీ తీసెయ్ అని. ఆ మాట ఇంట్లో చెప్తే పెద్దబాపు నవ్వాడు. “ఆయనకేంది? ఆయన ఉరికిచ్చి పోతడు. నీకేమన్నయితె దవాఖానకు ఆయనొస్తడా, నేనొస్తనా?”

విరూర్ నుంచి వచ్చి బాబుపేట్‌లో గది తీసుకుని ఉండే ఒక స్నేహితురాలు ఉండేది నాకు, తెలుగు పిల్లే. ఇద్దరం ఒకే భర్తీకి తయారవుతున్నాం. ఆదివారాలు మైదాన్ వదిలి లాల్‌పేట్ వైపు రోడ్డు మీద ఉరికేవాళ్లం. అటు బొగ్గు లారీలు పోతుంటాయి, ఇంటికొచ్చి ముక్కు చీదితే నల్లగా వస్తుంది. అక్కడొకసారి కుక్క వెంటపడింది. నేను ప్రాణాలరచేత పట్టుకుని ఉరుకుతుంటే వాచీ ఆగు ఆగు అని ఒకటే మొత్తుకోవడం. వెనక కుక్క, చేతి మీద ఇది. ఎవరి మాట వినాలో నాకు అర్థం కాలేదంటే నమ్మండి. స్నేహితురాలు రాయి తీసుకుని కుక్కను వెళ్లగొట్టి, రోడ్డు పక్కన కూలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. “ఏమే, కుక్క కరిచినా పర్వాలేదు గని పెద్దబాపు కరవొద్దా?” నాకూ నవ్వొచ్చింది. ఇంటికొచ్చి ఆ ఎర్ర అంకెకు సంజాయిషీ చెప్పుకునేసరికి నవ్వు పోయింది.

నీకు అనుమానమే రాలేదా అని అడుగుతారు. ఎందుకు రాదు? అన్నకు ఫోన్ చేసి అడిగాను. “మంచి కంపెనీ వాచీ అది, తప్పు చూపియ్యది. అది చెప్పినట్టు చెయ్” అన్నాడు, ఆఫీసు పనిలో ఉండి. నిజమే, తప్పు చూపించలేదు. నా గుండెను సరిగ్గానే లెక్కపెట్టింది. అది ఎవరి గుండె అనుకుని ఆ హద్దు పెట్టారో మాత్రం అన్నకు గుర్తు రాలేదు, నాకు తెలియదు, పెద్దబాపుకి పట్టలేదు.

ఒక్కసారి తెగించాను. వాచీ విప్పి స్నేహితురాలి సంచీలో పెట్టి, సర్ చెప్పినట్టు ఉరికాను. ఎంత హాయిగా ఉండిందో ఆ పూట! చెవుల్లో గాలి, కాళ్ల కింద మట్టి, ఎవరూ ఆగమనని పరుగు. చివర్లో వాంతి చేసుకుంటూ కూడా నవ్వాను. ఇంటికొచ్చాక పెద్దబాపు ఫోన్ చూసి, చాయ్ కప్పు కింద పెట్టాడు.

“నడుమ అర్ధగంట ఏం లేదు. ఖాళీ ఉంది. అర్ధగంట నీ గుండె ఎటు పోయిందే?”

చెమటకు జారిందన్నాను. నమ్మలేదు. వారం రోజులు మైదాన్ బంద్. బాపు గేటు దగ్గర ఆటో తుడుస్తున్నాడు. నేను ఆయన వైపు చూశాను. ఆయన తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచాడు. వారం తర్వాత నేనే వెళ్లి, ఇంకెప్పుడూ విప్పనని చెప్పి, వాచీ కట్టుకుని వచ్చాను. ఇంకేం చెయ్యను? విప్పితే మైదానే లేదు, కట్టుకుంటే మైదాన్‌లో సగమన్నా ఉంది. సగానికే ఒప్పుకున్నాను.

రాతపరీక్షలో మంచి మార్కులొచ్చాయి, స్నేహితురాలి కంటే ఎక్కువే. పరుగు రోజు పొద్దున్నే వరసలో నిలబెట్టి, చేతికున్నవన్నీ తీసేయించి, నంబరు కట్టారు. మణికట్టు బోసిగా, తేలిగ్గా ఉంది. ఈ రోజు నన్నెవరూ ఆపరు అనుకున్నాను. మొదటి రౌండు బాగానే పోయింది. రెండో రౌండులో ఊపిరి బరువెక్కింది, అంతే, కాళ్లు వాటంతటవే తగ్గాయి. నేను తగ్గమనలేదు. ఉరుకవే, ఉరుకు, అని లోపల అరుచుకుంటున్నాను, తిట్టుకుంటున్నాను. ఏడాది పాటు ఆ ఊపిరి దగ్గర ఆగిన ఒళ్లు, అక్కడికి రాగానే ఆగింది. పక్కనుంచి ఒక్కొక్కరే దాటిపోయారు. స్నేహితురాలు కూడా దాటింది. వెనక్కి తిరిగి “రా! రావే!” అని అరిచింది.

గీత దాటాక అందరూ మట్టిలో పడిపోయారు. ఒకమ్మాయి ఏడుస్తోంది, ఒకమ్మాయి వాంతి చేసుకుంటోంది, నా స్నేహితురాలు వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తూ రొప్పుతోంది. నేను నిలబడి ఉన్నాను. నీళ్లిచ్చేవాళ్లు నన్ను అడిగితే మామూలుగా, తొణక్కుండా జవాబు చెప్పాను. మాట్లాడే ఊపిరి మిగిలిపోయింది నాలో. నా జీవితం మొత్తంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది ఆ మిగిలిపోయిన ఊపిరే.

ఫలితాలొచ్చాయి. స్నేహితురాలి పేరుంది. నాది లేదు. కుళ్లుకున్నాను, బాగా కుళ్లుకున్నాను, మిఠాయి తెచ్చి నోట్లో పెడితే చేదుగా మింగాను. పెద్దబాపు నా తల నిమిరి, “నౌకరి పోతె పోయింది, మంచిగ ఇంటికొచ్చినవ్, అదే చాలు బిడ్డా” అన్నాడు. ఇంటికి రావడం ఆయనకు చాలు. ఇంట్లోంచి పోవడం కదా నాకు కావలసింది.

కొన్నాళ్లకు అన్న ఒక పెళ్లికని పుణె నుంచి వచ్చాడు. వాచీ ఇక నాకెందుకు, మీరే తీసుకోండని ఇచ్చేశాను. ఫోన్‌లో ఏదో నొక్కుతూ నొక్కుతూ ఒక్కసారిగా పకపకా నవ్వాడు. “అరే, ఇందుల ఇంకా మా బాపు వివరాలే ఉన్నయి! బాపు వయసు, బాపు బరువు! స్టెంటు పడ్డంక డాక్టర్ చెప్తె నేనే పెట్టిన హద్దు ఇది. మార్చనే లేదా మీరు?” నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. నా వయసుకి గుండె అంత కొట్టుకోవడం ఎంతమాత్రం ప్రమాదం కాదట, నూట ఎనభై దాకా పోయినా పోతుందట, గట్టిగా ఉరికితే పోవాలట కూడా. అది ఎంతో మామూలు సంగతిలా చెప్పాడు. ఇంట్లో అందరూ నవ్వారు. పెద్దబాపు అందరికంటే ఎక్కువ నవ్వాడు. “నాకేం ఎరుక బిడ్డా, పోరడు చెప్పలేదాయె” అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

ఆయన్ను కొట్టాలనిపించింది నాకు. రాస్తున్నాను కాబట్టి మంచిదాన్నని రాసుకోను, నిజంగా కొట్టాలనిపించింది. ఆయనకు ఏమీ తెలియదా? వారం రోజులు భరించలేక బీరువాలో విసిరేసింది తనే కదా! తన చెయ్యి ఓర్వలేనిది నా చేతికి ఏడాది కట్టాడు. ప్రేమతోనే కట్టాడని అందరూ అంటారు. అనుకోనీ. ఆ తర్వాత ఇంటికెవరొచ్చినా ఇదొక ముచ్చటైంది. “మా పోరి నా గుండె పెట్టుకొని భర్తీకి ఉరికింది” అని చెప్పి నవ్వించేవాడు. చాయ్ ఇవ్వడానికి పోయి నేను ఆ నవ్వు మధ్యలో నిలబడాలి.

నేను మళ్లీ మైదాన్‌కి పోవడం మొదలుపెట్టాను. ఎందుకని అడిగితే, కోపంతో. ఇక భర్తీ లేదు, వయసు దాటిపోయింది, కాబట్టి భయపడాల్సిన పనీ లేదని ఇంట్లో కూడా పట్టించుకోలేదు. సర్ ఏమీ అడక్కుండా వరసలో చోటిచ్చాడు. ఊపిరి బరువెక్కే చోటు వచ్చినప్పుడల్లా పళ్లు బిగించి దాటాను. మొదట్లో ఏడుస్తూ దాటాను. కొన్ని నెలలకు ఆ చోటు వెనకబడింది.

స్నేహితురాలు సెలవు మీద వచ్చినప్పుడు తన ఫోన్‌లో టైం పెట్టి నన్ను మూడు కిలోమీటర్లు ఉరికించింది. గీత దాటి నేను మట్టిలో పడ్డాను, నోట మాట లేదు. ఆమె ఫోన్ చూసి గబుక్కున జేబులో పెట్టుకుంది. నేను గుంజుకుని చూశాను. ఆ రోజు తను ఉరికిన టైం కంటే తక్కువ. నా రాతపరీక్ష మార్కులకు ఈ పరుగు కలిస్తే నా పేరు ఆమె పేరుకి పైన ఉండేది. ఆమె నా పక్కన మట్టిలో కూర్చుని నా వీపు నిమురుతూ ఉండిపోయింది.

ఆమె ఫోన్ అడిగి తీసుకుని ఇంటికొచ్చి వరండాలో పెద్దబాపు ముందు నిలబడ్డాను. చూపించాను. “చూడు పెద్దబాపూ, నేను ఉరకగలిగేదాన్ని. నన్ను ఉరకనియ్యలేదు నువ్వు!” గొంతు అంత పైకి లేచిందని నాకే తెలియలేదు. అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. బాపు ఆటో దిగి వచ్చి గడపలో నిలబడ్డాడు.

పెద్దబాపు ఫోన్ తీసుకుని, కళ్లద్దాలు సర్దుకుని, నెమ్మదిగా చూశాడు. ఆయనకు కోపం రాలేదు. జాలిగా నా వైపు చూశాడు.

“ఎవలు వద్దన్నరు బిడ్డా? దినాం పొద్దుగాల లేసి పోతనే ఉంటివి. గిట్ల ఉరుకొచ్చేదానివి, గా భర్తీ రోజే ఉరికితె అయిపోయేది కద?”

గడపలో నిలబడ్డ మా బాపు, అవునన్నట్టు తల ఊపాడు.