మట్టి వద్దన్న బనియన్

మట్టి పరీక్షల కేంద్రంలో ఆమెను అందరూ బనియనక్క అంటారు. మట్టిలో ప్రాణముందో లేదో తెలుసుకోవడానికి నూలు గుడ్డ పాతిపెట్టడం పాత పద్ధతే. సూక్ష్మజీవులు బతికుంటే పంట చేతికొచ్చేలోగా దాన్ని తినేస్తాయి. బనియనక్క చనిపోయిన భర్త బనియన్లు తెచ్చి మడికొకటి పాతుతుంది. పారేయడానికి చేతులు రావు, బీరువాలో చూస్తూ ఉండలేదు. ఇందులో భక్తీ లేదు, వేదాంతమూ లేదు. బీరువా ఖాళీ కావాలి, అంతే. తవ్వినప్పుడు చంక దగ్గరి కుట్టుదారం మాత్రమే దొరికితే, దాన్ని వేలికి చుట్టుకుని "తినేసింది" అంటుంది తేలిగ్గా.

ఈసారి పాతింది ఆఖరి జత: ఒకటి మామూలు మడిలో, ఒకటి కొత్త ఎరువు మడిలో. నానో జింకు ఎరువు కలిపిన మడిలో ఆకుకూర నవనవలాడుతోంది. ఎరువు కంపెనీ ప్రతినిధి గట్టు మీద మురిసిపోతూ నిలబడ్డాడు. ఆమె పార వేస్తే బనియన్ బనియన్‌లాగే పైకొచ్చింది, భుజం మీద తాను వేసిన మాసికతో సహా.

"నూలు గట్టిదేమో మేడం," అన్నాడతను.

"గట్టిదే బాబూ. పక్క మడిలో దారం మిగిలింది చూశావే, అదీ ఈ జతలోదే."

ఆమెకు దాన్ని మళ్లీ గోతిలో వెయ్యబుద్ధి కాలేదు. ఇంటికి తెచ్చి, రెండుసార్లు సబ్బు పెట్టి ఉతికి, పెరట్లో ఆరేసింది. సాయంత్రం వచ్చిన ఆడపడుచు, తీగ మీద నీళ్లోడుతున్న బనియన్ చూసి పెరటి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఎవరొచ్చారు వదినా?"

"మీ అన్నయ్యే," అంది బనియనక్క. "మట్టి వద్దంది."