రెండు గంటల సైరన్

దయ్యాలు లేవని ముప్పై ఏళ్లుగా ఊరూరా మైకు పట్టుకుని వాదించినవాణ్ణి. బాబాలను నిలదీశాను. తాయెత్తులు విప్పి లోపల ఏముందో జనానికి చూపించాను. ఇప్పుడూ నా మాట అదే. అయినా ఈ సంగతి దాచుకుంటే, ఇన్నాళ్లూ చేసినట్టు ఇతరులను నిలదీసే హక్కు నాకు ఉండదు.

మా చెల్లెలి కూతురు సుజితకు పదేళ్లు. ఎముక క్యాన్సర్. ఇక నయం కాదని పెద్దాసుపత్రిలో చెప్పేశారు. నిజామాబాద్‌లో ఒక డాక్టరమ్మ మాత్రం, నయం చేయలేకపోయినా నొప్పి లేకుండా చూడగలం అంది. మార్ఫిన్ సిరప్ ఇచ్చింది. నొప్పి వచ్చేదాకా ఆగొద్దు, పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా నాలుగు గంటలకోసారి తప్పకుండా పట్టమంది.

చెల్లెలి ఇల్లు బోధన్‌లో, మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ వెనక. రాత్రంతా మేలుకునే చెల్లెలు మధ్యాహ్నం కాసేపు ఒరిగేది. రెండు గంటల మందు నా వంతు.

మార్ఫిన్ అలవాటైపోతుందని నాకు భయం. ఎవరు చెప్పారో, ఎక్కడ చదివానో గుర్తు లేదు. ఎవరికీ చెప్పకుండా రెండింటి మందును మూడింటికి జరిపాను.

ఆ రోజే సుజిత కళ్లు తెరిచింది.

"మామా, సైరన్ మోగింది. మందియ్యి."

"ఏ సైరనే?"

"ఫ్యాక్టరీది."

ఫోన్ చూశాను. సరిగ్గా రెండు. ఆ పిల్ల పుట్టకముందే ఆ సైరన్ ఆగిపోయింది.

"ఇంకో గంట ఆగు బిడ్డా" అన్నాను. ఆ గంటా దిండు అంచు కొరుకుతూ పడుకుంది. ఏడవలేదు.

మర్నాడు గోడగడియారం తీసేశాను. ఫోన్ బయటి గదిలో పెట్టాను. మళ్లీ మోగిందంది. బయటి గదికి వెళ్లి ఫోన్ చూస్తే సరిగ్గా రెండు. మందు బలం తగ్గే వేళ ఒంటికి తెలుస్తుంది, సైరన్ అంటే నొప్పే అని తేల్చుకున్నాను. అంత చక్కని వివరణ దొరికాక కూడా మందు మూడింటికే ఇచ్చాను.

ఐదో రోజు, ఆ ఇంట్లోనే ఉండే సుజిత నాయనమ్మ, నేను వేళకు మందు ఇవ్వకపోవడం చూసేసింది. ఎందుకు ఆపావని అడిగితే నా భయం చెప్పాను.

"ఊరోళ్ల తాయెత్తులు తెంపుతవ్ గదయ్యా! నీ మెడల గీ భయం ఎవరు గట్టిండ్రు?" అంది.

లేచి మందు పట్టాను. ఆ రోజు నుంచి మందు వేళ తప్పలేదు. సుజిత మళ్లీ సైరన్ మాట ఎత్తలేదు. చెరుకు ముక్క నములుతూ నాతో అష్టాచెమ్మా ఆడేది. ఒకసారి నేనే అడిగాను, ఇప్పుడు మోగడం లేదా అని.

"మందిస్తున్నవ్ గద మామా. ఇంకెందుకు మోగుతది?"

మూడు వారాల తర్వాత, ఒక పొద్దున, వాళ్లమ్మ ఒడిలో నిద్రలోనే పోయింది.

కొన్ని రోజులకు, మిగిలిన సిరప్ డాక్టరమ్మకు తిరిగి ఇవ్వాలని సంచిలో పెట్టుకుని బోధన్ బస్టాండుకు వెళ్లాను. బస్సు కోసం నిలబడి ఉండగా సైరన్ మోగింది. పొడుగ్గా, ఫ్యాక్టరీ వైపు నుంచి. ఫోన్ చూశాను. రెండు. చుట్టూ ఒక్కరూ తల తిప్పలేదు. పక్కనున్న చెరుకురసం బండాయనను అడిగితే నవ్వాడు. "ఫ్యాక్టరీ బందువడి ఎన్నేండ్లాయె సార్!"

నిద్రలేమి, దుఃఖం, చెవుల భ్రమ. ఇంకొకరికి జరిగితే ఇదే రాసి ఇచ్చేవాణ్ణి. సుజితకు మాత్రం అది మందు ఆలస్యమైతేనే మోగేది.

ఆ మధ్యాహ్నం, ఇంకొకరి నొప్పి ఆపగల సీసా నా సంచిలోనే ఉంది. ఎవరికి ఆలస్యమైందో నాకు ఇప్పటికీ తెలియదు.