పగడాలకు గరుకు ఇల్లు

గంగవ్వ చేయి ఊరికే ఉండదు. షేరింగ్ ఆటోలో కూర్చున్నా పక్కవాళ్ల సంచి మడత సరిచేస్తుంది. సూరత్ శివారు ఉన్‌లో అద్దె గది మారిన ప్రతిసారీ, సామాను సర్దకముందే గోడలోని గుంతలకు సిమెంటు పాలు పూస్తుంది. "ఉండేది ఆర్నెల్లు, దానికి గింత సోకా అత్తా?" అని కోడలు లత దెప్పితే, "ఉన్నన్ని దినాలన్న నున్నగ ఉండాలె" అంటుంది.

జగిత్యాల పక్క పల్లె నుంచి మగని వెంట సూరత్ వచ్చిన మనిషి. మరమగ్గాల మోతకు ఆ మగడు దేవదాస్ చెవులు పోయాయి, వాటితో పాటే పనీ పోయింది. అప్పటి నుంచి గంగవ్వ దగ్గర్లోని సచిన్ పారిశ్రామికవాడలో ఒక సిమెంటు యార్డులో కూలి. లతనూ, వాడకట్టులోని మరికొందరు ఆడవాళ్లనూ ఆమే అక్కడికి తీసుకెళ్లింది. ఫర్మాల్లో, అంటే అచ్చుల్లో, సిమెంటు పోయడం, మర్నాడు విప్పడం, నీళ్లు పట్టడం వాళ్ల పని. అదే పనికి మగవాళ్లకిచ్చే కూలి వీళ్లకివ్వరు. చేతులకు తొడుగులూ ఇవ్వరు. సిమెంటు వేళ్లను తినేస్తుంది.

ఈ చలికాలం యార్డుకు కొత్త రకం పని వచ్చింది. బోర్లించిన గంపల్లాంటి సిమెంటు గుల్లలు, ఒళ్లంతా చేయి పట్టేంత కంతలు. ఏందివి అని గుత్తేదారు రాంప్రసాద్‌ను అడిగితే, "సముద్రంల జీవాలకు ఇండ్లు. కచ్ దిక్కు పోతయ్. జల్దీ కానియ్ అక్కా" అన్నాడు. అంతకు మించి చెప్పలేదు.

ఇల్లు అన్న మాట గంగవ్వకు చాలు. ఫర్మా విప్పగానే పైన బొడిపెలు, చిన్నచిన్న గుంతలు కనిపిస్తాయి. ఏ సైటులోనైనా తిట్లు పడేది వాటికే. ఆమె తడిగుడ్డతో సిమెంటు పాలు పూసి అద్దంలా రుద్దింది, అందరిచేతా రుద్దించింది. మొదటి గుల్లకైతే గృహప్రవేశమని పసుపు రాసి బొట్టు పెట్టింది.

లారీ రావడానికి ముందురోజు, ఆ గుల్లలు చేయిస్తున్న సంస్థ నుంచి నీరజ వచ్చింది. విశాఖ అమ్మాయి, సముద్ర జీవుల చదువు చదివింది. ఒక గుల్ల మీద అరచేయి ఆనించి, మరో గుల్ల మీద ఆనించి, రాంప్రసాద్ వైపు తిరిగింది.

"గరుకుగా ఉండాలని చెప్పాను కదండీ. ఇవి నేను తీసుకోను."

"సముద్రం అడుగున ఎవడు చూస్తడు మేడం?"

"పగడాలు చూస్తాయి."

రాంప్రసాద్ గంగవ్వ మీదికి తిరిగాడు. "నీ సోకు పాడుగాను. రేపటి సంది నువ్వు రాకు, నీ ఆడోళ్లూ రావద్దు."

ఆడవాళ్లంతా గంగవ్వనే చూశారు. తను నమ్మించి తెచ్చిన వాళ్లు. ఆమె పుస్తెలతాడులోని ఎర్రపూసను పైకి తీసి నీరజకు చూపింది.

"బిడ్డా, పగడమంటే గిదేనా?"

"దాని చుట్టాలమ్మా. అవి ప్రాణమున్నవే. వాటి పిల్లలు నువ్వుగింజ కన్నా చిన్నవి, నీళ్లలో కొట్టుకుపోతూ పట్టు దొరికినచోట అతుక్కుంటాయి. నున్నగా ఉంటే జారిపోతాయి. సముద్రం వేడెక్కి పాత దిబ్బలు చచ్చిపోతున్నాయి, అందుకే ఇవి."

"గీ ముచ్చట మాకెందుకు చెప్పలే?"

"రాంప్రసాద్ గారికి చెప్పాను."

"చేసేది మేము గద బిడ్డా."

పనిచేసే చేతికి పని ఎందుకో చెప్పకపోవడం ఈ దేశంలో తప్పు కాదు. పని చెడితే మాత్రం తప్పు ఆ చేతిదే.

"లారీ వచ్చేలోపట గరుకు చేస్తం," అంది గంగవ్వ రాంప్రసాద్‌తో. "కూలి ఇయ్యాలె."

"చెడగొట్టింది నువ్వు, కూలి నేనియ్యాల్నా?"

"వరాఛా పోయి వజ్రాలు సానబెట్టెటోళ్లను తెచ్చుకో మరి. వాళ్లకైతే ఇంకింత నున్నగ వస్తది."

ఆడవాళ్లు నవ్వారు. గరుకు కానిది లారీ ఎక్కదని నీరజ గట్టిగానే చెప్పింది. ఒక్క పూటలో వేరే మనుషులు దొరకరని రాంప్రసాద్‌కు తెలుసు.

"సరే, కూలి ఇస్త."

"తొడుగులు లేనిది ఉలి ముట్టం," అంది లత.

మర్నాడు పొద్దున తొడుగులు వచ్చాయి, మగవాళ్ల కొలతవి. గంగవ్వ ఉలి ఆనించింది గానీ సుత్తి లేవలేదు. తన చేత్తో నున్నగా చేసిన దాన్ని ఎన్నడూ చెరపలేదు.

"కొట్టు అత్తా, పిల్లలు జారిపోతయ్," అంది లత.

కొట్టింది. పసుపు రాసిన గుల్లను చివరిదాకా ఉంచి, దాన్నీ చెక్కింది. లారీ కదులుతుంటే నీరజను అడిగింది: "ఉంటయా బిడ్డా అండ్ల?"

"నీళ్లు బాగుంటే ఉంటాయమ్మా."

యార్డు వెనక ఖాడీ పారుతోంది. మిల్లులో ఏ రంగు అద్దితే ఆ రంగు కాలువ అది. ఆ రోజు ఎరుపు. అదెటు పోతుందని గంగవ్వ అడగలేదు. ఆమెకు తెలుసు, సముద్రంలోకే.

పనికి రావద్దన్న మాట రాంప్రసాద్ మళ్లీ ఎత్తలేదు; మర్నాడు ఇంకో గుల్ల ఫర్మా విప్పారు. గంగవ్వ చేయి దానంతటదే తడిగుడ్డ అందుకుంది. లత దగ్గింది. గంగవ్వ గుడ్డను నడుముకు దోపి, అదే చేయి ఖాడీ వైపు చాపింది.

"రాంప్రసాదూ, ఆ నీళ్లు ఎవలు ఇడుస్తున్నరో కనుక్కో."

"నీకెందుకక్కా?"

"ఇల్లు కట్టినోళ్లం గద."